ఖాళీగా వదలకూడని గడి

మనుషులు పడే కష్టాలన్నిటికీ మూలం ఎక్కడో ఒక గడి తక్కువ కావడమేనని నజ్మీ ఖలీల్ గట్టి నమ్మకం. అమ్మాన్‌లో, షమీసానీ పేటలో, వాహా భవనం అనే తొమ్మిదంతస్తుల ఆఫీసుల మేడకు ఆయన ఇరవై రెండేళ్లుగా కార్డుల గుమస్తా. కంప్యూటరు రాకముందు ఏడు రిజిస్టర్లు ఉండేవి. వచ్చినవాడి పేరు, నాన్న పేరు, తాత పేరు, ఇంటిపేరు, వచ్చిన పని, చేతిలో సంచి ఉందా, ఉంటే రంగేమిటి. స్కేలు పెట్టి గడులు గీయడంలో ఆయన చూపిన శ్రద్ధలో సగం పెళ్లి మీద చూపించి ఉంటే ఈపాటికి తాతయ్యేవాడు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఆయన ముప్పయ్యో ఏట తల్లి ఉమ్ నబీల్ "నీకెలాంటి పిల్ల కావాల్రా నాన్నా?" అని అడిగింది. ఆయన నోటితో చెప్పలేదు. ఇరవైమూడు గడుల కాగితం గీసి చేతిలో పెట్టాడు. ఎత్తు, చదువు, గొంతు, వంట, నిద్ర లేచే వేళ, అన్నీ తప్పనిసరే. పాపం ఆ తల్లి పదిహేనేళ్లు ఆ కాగితాన్ని సంచిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, కాఫీలు తాగి, మోకాళ్లు అరగదీసుకుంది. ఇరవైరెండు కుదిరితే ఇరవైమూడోది కుదరదు. చివరికి ఒకరోజు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి వేడివేడి కూరగిన్నె కింద పరిచి, "ఇక దీనికిదే పని" అంది. అప్పటికి కొడుక్కి నలభై ఐదు. ఇప్పుడు నలభై తొమ్మిది.

ఐదో అంతస్తులో రుదైనా అనే ఆవిడ అనువాదాల ఆఫీసు నడుపుతుంది. కోర్టు కాగితాలు, డిగ్రీ కాగితాలు వేరే భాషలోకి మార్చి ముద్ర వేసి ఇస్తుంది. నలభై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు. నజ్మీ కంటే నాలుగు వేళ్లు పొడుగు, చక్కెర లేని కాఫీ తాగుతుంది, మాటకు మాట అప్పజెబుతుంది. ఆ ఇరవైమూడు గడుల్లో ఒక్కదానిలోనూ ఇమడదు. మూడేళ్ల కిందట మొదటిసారి ఆవిడ కిందికి దిగి వచ్చి బల్ల మీద చెయ్యి చరిచింది.

"ఒక్క ముద్ర కోసం వచ్చే ముసలాయన చేత పదకొండు గడులు నింపిస్తారా? మీరు గేటు తీస్తున్నారా, పిల్లనిస్తున్నారా?"

ఆ సాయంత్రం నజ్మీ ఒక గడి తీసేశాడు. మళ్లీ రెండు నెలలకు ఆవిడ వచ్చింది, మళ్లీ పోట్లాట, ఇంకో గడి పోయింది. పోట్లాటకు ఒకటి చొప్పున మూడేళ్లలో తొమ్మిది గడులు ఎగిరిపోయాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరి కోసమూ గడి తీసెయ్యని మనిషి. అది ప్రేమ అని భవనంలో అందరికీ తెలిశాక, ఆఖరికి ఆయనకూ తెలిసింది.

ఆగస్టు నెలాఖరులో ఒక గురువారం ఆవిడే అంది: "రెండు గడులే మిగిలాయి. ఇక పోట్లాడ్డానికి నాకు కారణం దొరకడం లేదు. వచ్చే గురువారం సాయంత్రం ఆరింటికి అమ్మగారిని మా ఇంటికి కాఫీకి పంపించండి."

మగవాడి తల్లి ఆడపిల్ల ఇంటికి కాఫీకి వెళ్లిందంటే అక్కడ దానికి ఒకటే అర్థం. నజ్మీ ఆ రోజు ఇంటి దాకా నడిచే వెళ్లాడు. బస్సెక్కడం మరిచిపోయానన్న సంగతి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది. ఉమ్ నబీల్ అయితే ఆ క్షణం నుంచే తన నల్ల జరీ గౌను ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ వారమే, ఆదివారం పొద్దున, భవనానికి కొత్త గేట్లు వచ్చాయి.

కార్డు పెడితే చిన్న తెర మీద పేరు వస్తుంది. వార్తలు చదివే ఆవిడలాంటి గొంతు ఆ పేరు పైకి చదువుతుంది. గార్డు తల ఊపితే రెక్క తెరుచుకుంటుంది. గార్డు అబూ గాలిబ్ సైన్యంలో పాతికేళ్లు చేసి వచ్చినవాడు. ఆయన మీసం ఆయన కంటే అరనిమిషం ముందు గదిలోకి వస్తుందని చెప్పుకుంటారు. మొదటగా కార్డు పెట్టింది మూడో అంతస్తు కాంట్రాక్టరు అబూ హాతిమ్.

"స్వాగతం, ముంజిర్ ఫలాహ్ సలామా" అంది గేటు.

"ఎవరీ ముంజిర్?" అన్నాడు గార్డు. "అలాంటివాడు మన భవనంలో లేడే!"

"నీ మీసం తగలడా, నేనేనయ్యా! ఇరవై ఏళ్లుగా నీ చేతి టీ తాగుతున్నా!"

"నువ్వు అబూ హాతిమ్‌వి. అది నాకు తెలుసు. ఈ డబ్బాలో మాత్రం ముంజిర్ అంటోంది. ఎవడి కార్డు కొట్టుకొచ్చావో ముందది తేల్చు."

గార్డును తప్పు పట్టడానికి లేదు. ఆ ఊళ్లో మనిషిని పెద్దకొడుకు పేరు పట్టి పిలుస్తారు. అబూ హాతిమ్ అంటే హాతిమ్ వాళ్ల నాన్న, ఉమ్ నబీల్ అంటే నబీల్ వాళ్లమ్మ. పుట్టినప్పుడు పెట్టిన పేరు పెళ్లయ్యాక బీరువాలోకి వెళ్లిపోతుంది, పోలీసులో కోర్టువాళ్లో వస్తే తప్ప బయటికి రాదు. ముప్పావుగంటలో వరుస వీధి మలుపు దాకా పాకింది. పరుపు మీద పరుపులా ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ వకీళ్లు ఎండలో కరిగిపోయారు.

మేనేజరు ఇంజనీర్ రుష్దీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "నజ్మీ! పిలుపు పేరుకి ఇంకో గడి పెట్టించవయ్యా!"

ఇంకో గడి! నజ్మీ చెవిలో తేనె పోసినట్టయింది. సాఫ్ట్‌వేరు అమ్మినవాళ్ల సాంకేతిక నిపుణుడికి ఫోను చేశాడు. అతను కొత్త గడి చేర్చే పద్ధతి ఓపిగ్గా చెప్పి, "నేను భార్యతో అఖబా సముద్రానికి వెళ్తున్నా. వచ్చే ఆదివారం దాకా ఫోను కట్టేసి ఉంటుంది. ఈలోగా కనబడ్డ ప్రతిదానికీ టిక్కు పెట్టకండి ఉస్తాజ్" అన్నాడు మర్యాదగా.

ఆ చివరి మాట నజ్మీ వినలేదని కాదు. కానీ టిక్కు పెట్టని చదరం ఎదురుగా ఉంటే ఆయనకు అన్నం సయించదు. 'పిలుపు పేరు' అని గడి చేశాడు. పిల్లాడి పేరు కొడితే ముందు అబూనో ఉమ్మో గేటే తగిలించుకుంటుంది. 'తప్పనిసరి' అని ఉంటే టిక్కు పెట్టాడు. 'మూడక్షరాలకు తగ్గరాదు', టిక్కు. 'గేటు పైకి చదవాలి', టిక్కు. పండగ మిఠాయిలు పంచడానికి ఉపయోగపడుతుందని రుష్దీ అడిగితే 'ఆ సంతానం వయసు' అని ఇంకో గడి, దానికీ తప్పనిసరి. అట్టడుగున 'ఈ అమరికకు తాళం వేయి, నిపుణుడు తప్ప ఎవరూ మార్చరాదు' అని ఒక ఒంటరి చదరం మిగిలింది. దాన్నొక్కదాన్నీ అలా వదిలెయ్యడం అన్యాయం అనిపించి దానికీ పెట్టేశాడు.

సోమవారం అందరూ ఫారాలు పట్టుకుని వచ్చారు. పెళ్లికాని కుర్రాళ్లకు ఇబ్బంది రాలేదు. రేపు పుట్టబోయే కొడుక్కి తాత పేరే కదా పెడతారు, ఆ పేరు ముందే తగిలించుకోవడం అక్కడ వాడుక. ఇబ్బంది అబూ హాతిమ్‌తో వచ్చింది. ఆయనకు ఇద్దరు భార్యలు.

"చిన్నావిడ కొడుకు బషార్ పేరు కూడా పెట్టాలి భాయ్. లేకపోతే ఇంట్లో నాకు అన్నం ఉండదు" అన్నాడు బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి. "ఆదివారం నుంచి మంగళవారం దాకా అబూ హాతిమ్. బుధ, గురువారాలు అబూ బషార్. నీ గేటుకి అంత తెలివి ఉందా?"

ఉంది. ఆ రెండు పేర్లకూ నజ్మీ రోజులు పంచి కార్డులో ఎక్కించాడు.

మధ్యాహ్నానికి రుదైనా వచ్చింది. ఫారం మీద ఒక్క గడి మాత్రం ఖాళీ.

"నేను ఎవరికీ ఉమ్‌ని కాను. ఈ గడి తీసేయండి."

"తాళం పడింది మేడమ్. తాళంచెవి అఖబాలో ఈత కొడుతోంది."

"తొమ్మిది తీసినవారు పదోది తీయలేరా?"

నజ్మీ తల దించుకున్నాడు. ఆవిడ ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. "సరే, నేను నేలమాళిగలోకి కార్లు దిగే దారిన వస్తాను. గురువారం మధ్యాహ్నం నుంచి అక్కడా కార్డు అడుగుతారటగా? అప్పటి సంగతి అప్పుడు."

ఆ తర్వాత నజ్మీ తన సొంత కార్డు ఎక్కించుకోబోయాడు. పేరు, నాన్న పేరు ఖలీల్, అన్నీ అయ్యాయి. పిలుపు పేరు దగ్గర చెయ్యి ఆగింది. వాడుక ప్రకారం అబూ ఖలీల్ కావాలి. కానీ అన్న నబీల్ ఏనాడో కొడుకుని కని ఖలీల్ అని పేరు పెట్టేశాడు. ఒక ఇంట్లో ఇద్దరు అబూ ఖలీళ్లు ఎలా ఉంటారు? ఖాళీగా వదిలి 'భద్రపరచు' నొక్కాడు. తెర నిండా ఎర్రక్షరాలు: ఈ గడి ఖాళీగా వదలకూడదు. చిన్న గీత పెట్టాడు. మూడక్షరాలకు తగ్గరాదు. విసుగొచ్చి 'ఎవరూ లేరు' అని కొట్టి, వయసు దగ్గర ఒకటి వేశాడు. కంప్యూటరు సంతోషంగా ఒప్పుకుంది.

టీ తాగడానికి బయటికి వెళ్లి తిరిగొచ్చేసరికి హాలులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆయన కార్డు పెట్టాడు.

"స్వాగతం, అబూ ఎవరూ లేరు" అంది గేటు, వార్తలు చదివినంత గంభీరంగా.

 హాలు గొల్లుమంది.

"అబూ ఎవరూ లేరుగారూ, అబ్బాయి బావున్నాడా?" అన్నాడొక వకీలు.

"నాకు రెండున్నాయి కదా నజ్మీ" అన్నాడు అబూ హాతిమ్ కళ్లు తుడుచుకుంటూ, "బుధ, గురువారాలు హాతిమ్ ఖాళీయే. ఆ రెండు రోజులూ నువ్వు వాడుకో భాయ్!"

నజ్మీ ముఖం కందగడ్డయింది. బల్ల వెనక కూర్చుని నవ్వులు ఆగేదాకా గుండుసూదులు లెక్కపెట్టాడు. లెక్క తప్పింది. నలభై తొమ్మిదేళ్ల మనిషికి ఒక యంత్రం నలుగురిలో నీకెవరూ లేరని చెబితే ఎంత మంటగా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. ఆ పొద్దున్న తల్లి దుప్పట్లు ఆరేస్తూ అన్నమాట గుర్తొచ్చింది: "సుహైల్ చుక్క పొడిచే రోజులొచ్చాయి. ఇక గాలి చల్లబడుతుంది." గడిలో ఉన్నది చెరిపి 'సుహైల్' అని కొట్టాడు. వయసా? భవనానికి తొమ్మిది అంతస్తులు కాబట్టి తొమ్మిది. ఇకమీద ఎవరూ మార్చి ఎగతాళి చేయకుండా తన కార్డుకీ తాళం టిక్కు పెట్టేశాడు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటాం. షమీసానీలో ఆ సోమలింగం పేరు సుహైల్.

మంగళవారం పొద్దున్న గేటు "స్వాగతం, అబూ సుహైల్" అనగానే అబూ గాలిబ్ కుర్చీలోంచి లేచాడు. నజ్మీని రెండు చేతులా పట్టుకుని, మీసంతో సహా, రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టాడు.

"ఒరేయ్ దొంగా! తొమ్మిదేళ్ల కొడుకుని జేబులో పెట్టుకుని తిరుగుతూ మాకు చెప్పలేదా? ఎవరమ్మాయిరా? ఎక్కడ దాచావు? సరే సరే, నీ ఇంటి గుట్టు నాకెందుకు! నోరు తీపి చెయ్యవా, కునాఫా ఎక్కడ?"

అప్పుడే నిజం చెప్పేస్తే కథ అయిపోయేది. కానీ ముందురోజు నవ్విన వకీలు పక్కనే నిలబడి, ఈసారి నవ్వకుండా, మర్యాదగా చెయ్యి గుండెకు ఆనించి "మాషా అల్లా, అబూ సుహైల్" అన్నాడు. ఆ పిలుపు చెవిన పడేసరికి నజ్మీ వెన్ను దానంతటదే నిటారుగా అయింది. వెళ్లి రెండు కిలోల కునాఫా తెచ్చాడు.

తిన్నవాళ్లు ఊరికే తినరు కదా, అడుగుతారు. చదువెలా ఉందని రుష్దీ అడిగాడు. లెక్కల్లో కాస్త మందం అన్నాడు నజ్మీ. ఏం తింటాడని గార్డు అడిగాడు. వంకాయ ముట్టడు, ఆలివ్ గింజలు మాత్రం దిండు కింద దాస్తాడు అన్నాడు. ఎక్కడినుంచి వస్తున్నాయో ఆయనకే తెలియదు, అడిగిందే తడవుగా వస్తున్నాయి. అబూ హాతిమ్ అప్పటికప్పుడు కారులోంచి కొత్త ఫుట్‌బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మా బషార్ కోసం కొన్నా. మీవాడికివ్వు. నిన్న పరాచికమాడినందుకు మనసులో పెట్టుకోకు."

సరిగ్గా అప్పుడే రుదైనా, కార్ల దారిన నడిచొచ్చి, చెమట తుడుచుకుంటూ హాలులో నిలబడింది. గార్డు నోటినిండా కునాఫాతో శుభవార్త చెప్పాడు. ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఉస్తాజ్ నజ్మీ, సుహైల్ ఏ తరగతి?"

రుష్దీ చూస్తున్నాడు. అబూ హాతిమ్ చూస్తున్నాడు. వకీలు ఇంకో ముక్క కోసం చెయ్యి చాపి ఆగి మరీ చూస్తున్నాడు. ఇప్పుడు అలాంటివాడు అసలు లేడంటే మళ్లీ అబూ ఎవరూ లేరు. నజ్మీ కునాఫా పళ్లెం పక్కకి జరిపాడు.

"నాలుగు" అన్నాడు.

రుదైనా తల ఊపింది. "మంచిది. గురువారం అమ్మగారికి మా ఇంటిదాకా ప్రయాసెందుకు? ఇంట్లోనే కూర్చుని మనవడిచేత ఎక్కాలు చెప్పించుకోమనండి." ఆవిడ గొంతు పెంచలేదు. మూడేళ్లలో గొంతు పెంచకుండా మాట్లాడటం అదే మొదటిసారి. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఇంటికెళితే తల్లి ఇస్త్రీ చేసిన గౌను వేసుకుని అద్దం ముందు తిరుగుతోంది. "ఈ వయసులో ఇంత నడుము ఏ ఆడదానికుందిరా?" అంది. నజ్మీ అద్దం మీది దుమ్ము తుడిచి పెట్టాడు.

బుధవారం పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కంప్యూటరు తెరిచాడు. సుహైల్‌ని తీసెయ్యాలి, రుదైనాకి తెర చూపించాలి, కాళ్లో వేళ్లో పట్టుకోవాలి. పేరు మార్చబోతే తాళం. అయితే సంతానం వరసను మొత్తంగా తొలగించే మీట ఒకటి కనబడింది. నొక్కాడు. 'తొలగించుటకు కారణం', తప్పనిసరి. ఉద్యోగులకని ఆదివారం ఆయనే స్వయంగా రాసిపెట్టిన జాబితా అది.

రాజీనామా ఎంచాడు. సంతకంతో కూడిన లేఖ జతచేయాలంది. బదిలీ ఎంచాడు. ఏ శాఖకో రాయాలంది. పదవీ విరమణ ఎంచాడు. అరవై నిండలేదంది. మిగిలింది ఒకటే. మరణం. అది మాత్రం ఇంకేమీ అడగలేదు.

నజ్మీ వేలు గాల్లో ఆగింది. లేని పిల్లాడే కదా, మరి వేలు ఎందుకు దిగడం లేదు? బల్ల మీద ఫుట్‌బాలు ఆయన వైపే చూస్తున్నట్టుంది. గురువారం ఇంకొక్క రోజే ఉంది. "ఏమనుకోకురా అబ్బాయ్" అని కళ్లు మూసుకుని నొక్కాడు.

అలాంటి కబుర్లు ప్రతి ఆఫీసుకీ తక్షణం చేరాలని కూడా ఆదివారం ఆయనే ఒక టిక్కు పెట్టి ఉన్నాడు. తొమ్మిది అంతస్తుల్లో ఉద్యోగులు వచ్చి కంప్యూటర్లు తెరవగానే అన్నిటిమీదా ఒకటే వాక్యం: అబూ సుహైల్ కుమారుడు సుహైల్, వయసు తొమ్మిది, తొలగింపు, కారణం మరణం.

ముందుగా అబూ గాలిబ్ టోపీ తీసి గుండెకు హత్తుకుని వచ్చాడు. పొయ్యి వెలిగించి చావింటి కాఫీ, చక్కెర లేనిది, పెట్టడం మొదలెట్టాడు. లిఫ్టు మూడుసార్లు దిగింది, దిగినప్పుడల్లా నిండుగా దిగింది. హాలులో కుర్చీలు గోడవెంట చేరాయి. ఎవరో మెల్లగా ఖురాన్ చదవడం మొదలుపెట్టారు. నజ్మీ నోరు తెరిచినప్పుడల్లా ఒకరొచ్చి కావలించుకుని ఆ నోరు తమ భుజానికి నొక్కేస్తున్నారు.

"నిన్ననే కదరా బంతి ఇచ్చాను!" అని అబూ హాతిమ్ బావురుమన్నాడు. బుధవారం కాబట్టి ఆ రోజు ఆయన అబూ బషార్. "ఒక్కసారైనా తన్నాడా దాన్ని?"

"లేదు" అన్నాడు నజ్మీ.

అది నిజమే కదా. ఆ మాట అన్నాక ఆయనకు ఏడుపొచ్చింది. ఉత్తుత్తి ఏడుపు కాదు, వెక్కి వెక్కి వచ్చింది. ఒక్క రోజులో ఆ పిల్లాడికి అంత ముఖం వచ్చేసింది మరి. లెక్కల్లో మందం, వంకాయ ముట్టడు, దిండు కింద ఆలివ్ గింజలు. సోమవారం దాకా వాడు లేడన్న సంగతి కూడా నజ్మీకి తెలియదు. ఇప్పుడు తెలిసింది, వాడు ఇన్నేళ్లూ లేడని.

ఆ ఏడుపు మధ్యలో రుదైనా వచ్చింది. ఫైళ్లు నేల మీద పెట్టేసి ఆయన ఎదుట కూర్చుంది. ముఖంలో రక్తం లేదు.

"నిన్న నేను ఎక్కాల మాటన్నాను" అంది. "నా నోరు పడిపోనూ. నన్ను..."

"ఆగండి మేడమ్" నజ్మీ లేచి నిలబడ్డాడు. "మీరు క్షమాపణ చెప్పకండి. సుహైల్ చనిపోలేదు."

"అల్లాకే స్తోత్రం!" అని అబూ గాలిబ్ కెటిల్ వదిలేశాడు. "ఆస్పత్రిలో ఉన్నాడా?"

"లేడు. వాడు పుట్టనే లేదు."

ఖురాన్ చదువుతున్న గొంతు ఆగిపోయింది. నజ్మీ అంతా చెప్పేశాడు. ఎర్రక్షరాలు, మూడక్షరాలు, అబూ ఎవరూ లేరు, తల్లి చెప్పిన చుక్క, రాజీనామా లేఖ, అరవై నిండకపోవడం. చెబుతున్నంతసేపూ రుదైనా వైపే చూస్తూ చెప్పాడు. ఆవిడ చేతిలో కాఫీ చల్లారింది.

"మరి ఇందాక ఎవరి కోసం ఏడ్చారు?" అంది చివరికి.

"వాడి కోసమే."

ఆవిడ చల్లారిన కప్పు కింద పెట్టింది. ఫైళ్లు ఏరుకుని పైకి వెళ్లిపోయింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ.

"నా ముద్దులు నాకు తిరిగిచ్చెయ్!" అన్నాడు అబూ గాలిబ్. "సైన్యంలో బ్రిగేడియరుకి కూడా పెట్టలేదురా నేను!"

"పొద్దున్నుంచి మూడు కప్పులు చేదు తాగాను, ఒక్కదానికీ శవం లేదు!" అన్నాడు వకీలు. రుష్దీ అయితే ఇది నియమాలకు విరుద్ధమని కేకలేసి, ఏ నియమానికో చూద్దామని పుస్తకం తిరగేసి, దొరక్క, మిగిలిన కాఫీ తాగి వెళ్లాడు. అబూ హాతిమ్ మాత్రం బంతి వెనక్కి అడగలేదు. గేటు పేరును ఎవరూ మార్చలేరు కాబట్టి సాయంత్రం నజ్మీ బయటికి వెళ్తుంటే అది మళ్లీ "అబూ సుహైల్" అనే అంది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బావుండేది.

గురువారం పదకొండున్నరకు నజ్మీ తల్లికి ఫోను చేసి ప్రయాణం లేదని చెబుదామని రిసీవరు ఎత్తాడు. బల్ల మీద ఒక ఫారం వచ్చి పడింది. రుదైనా నిలబడి ఉంది.

"పన్నెండుకి కార్ల దారి కూడా మూసేస్తారుగా. ఎక్కించండి."

అబూ గాలిబ్ ఉన్నట్టుండి గేటు రెక్క తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

నజ్మీ ఒక్కో గడీ కొట్టుకుంటూ వచ్చాడు. పేరు, నాన్న పేరు, తాత పేరు, ఇంటిపేరు. పిలుపు పేరు దగ్గర కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చదివాడు. ఆవిడ ముత్యాల్లాంటి చేతిరాతతో అక్కడ రాసి ఉంది: ఉమ్ సుహైల్.

"మేడమ్..."

"ఖాళీగా వదిలితే మీ యంత్రం ఒప్పుకోదుగా. కొట్టండి."

కొట్టాడు. మూడక్షరాలకు ఏడుసార్లు తప్పు పడింది. తర్వాతి గడి దగ్గర ఫారం ఖాళీగా ఉంది.

"సంతానం వయసు..." అన్నాడు. "ఇదీ తప్పనిసరే. నా కార్డులో తొమ్మిది అని..."

"సున్నా వేయండి" అంది రుదైనా. "తొమ్మిదేళ్లవాణ్ణి ఒక్కసారిగా నెత్తిన వేసుకోవడం నా వల్ల కాదు. ఇంకా పుట్టలేదన్నారుగా. రాసిపెట్టి ఉంటే వస్తాడు, లేకపోతే ఆ పేరు మనిద్దరికీ పిలుపుకైనా ఉంటుంది."

నజ్మీ సున్నా వేసి 'భద్రపరచు' నొక్కాడు. ఎర్రక్షరాలేవీ రాలేదు.

ఆవిడ కార్డు తీసుకుని గేటు దగ్గరికి నడిచింది. "స్వాగతం, ఉమ్ సుహైల్" అంది వార్తల గొంతు, తొమ్మిదంతస్తులకూ వినబడేట్టు. రెక్క తెరుచుకుంది. లిఫ్టు ఎక్కబోతూ రుదైనా వెనక్కి తిరిగింది.

"అమ్మగారు ఆరింటికల్లా రావాలి. ఆ బంతి మాత్రం ఎవరికీ ఇచ్చెయ్యకండి."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. అబూ గాలిబ్ తుడుపు గుడ్డ భుజాన వేసుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. మీసం వణుకుతోంది.

"అబూ సుహైల్, ఈసారి కునాఫా నాలుగు కిలోలు" అన్నాడు. "ముద్దులు మాత్రం పిల్లాణ్ణి కళ్లారా చూశాకే."